అంటురోగాల కాలంలో రైతు కుటుంబం మనసును కాపాడుకోవడం ఎలా?

2020 మార్చి చివరి వారం. రబీ వరి కోతకు దగ్గరపడింది. మిర్చి కల్లాల్లో ఎండుతోంది. అరటి, బత్తాయి, పుచ్చకాయ లోడుకు సిద్ధంగా ఉన్నాయి. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. లారీలు ఆగిపోయాయి. మార్కెట్ యార్డులు మూతపడ్డాయి. కూలీలు ఊరు దాటి రాలేకపోయారు. వ్యవసాయ పనులకు, కోత యంత్రాలకు మినహాయింపు ఇస్తున్నట్టు కేంద్రం కొద్ది రోజుల్లోనే ప్రకటించింది. కానీ ఆ మాట చెక్‌పోస్టుల దాకా, ఊరి చివరి దాకా చేరేసరికి ఎందరి పంటో చేలోనే ఉండిపోయింది. పెళ్లిళ్లు ఆగాయి, గుళ్లు మూశారు, పూల రైతుకు కొనేవారే లేకుండా పోయారు. చాలా ఊళ్లలో రోగం రాకముందే దిగులు వచ్చేసింది.

మరుసటి ఏడాది ఏప్రిల్, మే నెలల్లో రోగమే ఇళ్లలోకి వచ్చింది. 2021 మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కర్ఫ్యూ, మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టారు. ధాన్యం అమ్ముకోవాలా, ఆసుపత్రిలో మంచం వెతకాలా అన్న పరిస్థితి ఎన్నో కుటుంబాలు చూశాయి.

కరోనా అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో ప్రకటించింది. అయినా ఆ రెండేళ్లు నేర్పిన పాఠాలు మరచిపోకూడదు. కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినా, పశువులకు ముద్ద చర్మ వ్యాధి వచ్చినా, వరద ముంచినా రైతు మనసు మీద పడే బరువు దాదాపు ఇలాగే ఉంటుంది. ఆ బరువును ఎలా గుర్తించాలి, ఎలా తగ్గించుకోవాలి, ఎప్పుడు సాయం అడగాలి అన్న విషయాలు ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

రైతు ఒత్తిడి ఎందుకు వేరు?

అంటురోగం వచ్చినప్పుడు భయం అందరికీ ఉంటుంది. రైతుకు దానితో పాటు మరికొన్ని తోడవుతాయి.

• పంట ఆగదు. ఉద్యోగి సెలవు పెట్టి ఇంట్లో ఉండొచ్చు. టమాటా తెంపకపోతే చెట్టు మీదే కుళ్లుతుంది. పాలు పూటపూటకూ పితకాల్సిందే.
• పెట్టుబడి ముందే పెట్టేసి ఉంటాం. విత్తనం, ఎరువు, దున్నకం, కౌలు ఖర్చులన్నీ అయిపోయాక రావాల్సిన డబ్బు ఒక్కటే ఆగిపోతుంది.
• ధర మన చేతిలో ఉండదు. ఎవరి తప్పూ లేకుండానే రేటు పడిపోతుంది.
• పొలం, ఇల్లు, పరువు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పంట పోతే చాలామందికి తామే ఓడిపోయినట్టు అనిపిస్తుంది.
• కౌలు రైతుకు బరువు ఇంకా ఎక్కువ. కౌలు ముందే కట్టి, బ్యాంకు రుణం దొరక్క బయట వడ్డీకి తెచ్చి ఉంటారు.

అందుకే ఒక మాట ముందుగా గుర్తుపెట్టుకోండి. ఇలాంటి సమయంలో దిగులు పడటం పిరికితనం కాదు, చేతగానితనం అంతకన్నా కాదు. బరువు ఎక్కువైతే ఎడ్లు కూడా ఆగుతాయి. అప్పుడు బండిలో బరువు కొంత దించుతాం. మనసు విషయంలోనూ అదే చేయాలి.

ఒత్తిడిని గుర్తించడం ఎలా?

పంటకు తెగులు సోకితే ముందు ఒక ఆకు మీద మచ్చ కనిపిస్తుంది. అప్పుడే చూసుకుంటే తక్కువ ఖర్చుతో పోతుంది. మనసుకు కూడా ఇలాంటి తొలి గుర్తులు ఉంటాయి. మన ఊళ్లలో ఎక్కువమంది దిగులును దిగులని చెప్పరు, ఒంటి బాధగానే చెబుతారు.

ఒంట్లో కనిపించేవి: నిద్ర పట్టకపోవడం లేదా తెల్లవారుజామున రెండు మూడు గంటలకే మెలకువ రావడం, ఆకలి లేకపోవడం, గుండె దడ, తలనొప్పి, మెడ పట్టేయడం, కడుపులో మంట, ఏ పనీ చేయకపోయినా నీరసం.

ఆలోచనల్లో కనిపించేవి: ఒకే విషయం పదేపదే తిరగడం, చిన్న నిర్ణయం కూడా తీసుకోలేకపోవడం, "అంతా నా వల్లే" అనిపించడం, "నేను ఇంటికి భారం" అనుకోవడం, ఇక ఏదీ బాగుపడదని నమ్మడం.

నడవడికలో కనిపించేవి: పొలం వైపు వెళ్లకపోవడం, పశువులకు మేత, నీళ్లు మరచిపోవడం, చిన్నదానికే ఇంట్లోవాళ్ల మీద అరవడం, ఫోను మోగినా ఎత్తకపోవడం, నలుగురిలోకి రాకపోవడం, తాగుడు పెరగడం.

ఇలాంటివి రెండు మూడు రోజులుండి తగ్గిపోతే కంగారు అక్కర్లేదు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, రోజువారీ పని చేసుకోలేని స్థితి వస్తే డాక్టరుకు చూపించుకోవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

దిగులును కాగితం మీద పెట్టండి

రాత్రి చీకట్లో తలలో తిరిగే అప్పు అసలు అప్పు కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. దాన్ని పగటి వెలుతురులో, ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. చదువు రాకపోతే పిల్లలతో రాయించండి.

ఒక ఉదాహరణ చూద్దాం. 3 ఎకరాల రైతు ఒకరికి ఈ బాకీలు ఉన్నాయనుకోండి.

• బ్యాంకు పంట రుణం: 1,00,000 రూపాయలు. గడువు ఇంకా 4 నెలలు ఉంది.
• పురుగుమందుల షాపులో అరువు: 35,000 రూపాయలు. పంట అమ్మాక ఇస్తామన్న మాట.
• పొదుపు సంఘం బాకీ: 20,000 రూపాయలు. నెలకు 2,500 కట్టాలి.
• తెలిసినవాళ్ల దగ్గర అప్పు: 60,000 రూపాయలు. నూటికి 2 రూపాయల వడ్డీ, అంటే నెలకు 1,200.

మొత్తం 2,15,000 రూపాయలు. రాత్రిళ్లు నిద్ర చెడగొట్టే అంకె ఇదే. కానీ ఈ నెల తప్పనిసరిగా చేతిలోంచి వెళ్లాల్సింది సంఘం కిస్తీ 2,500, వడ్డీ 1,200, కలిపి 3,700 రూపాయలు. అప్పు తగ్గలేదు, నిజమే. కానీ ఈ నెల వెతకాల్సింది రెండు లక్షలు కాదని, మూడు వేల ఏడు వందలని తేలింది. మూడు వేల ఏడు వందలకు దారి ఆలోచించవచ్చు. పాల డబ్బులు, ఉపాధి హామీ పని, ఒక మేకను అమ్మడం, సంఘంలో ఒక నెల గడువు అడగడం, ఏదో ఒకటి కుదురుతుంది.

తర్వాత కాగితాన్ని మూడు భాగాలు చేయండి.

1. ఈ వారం నేను చేయగలిగినవి. ఉదాహరణకు: షాపు యజమానికి ఫోన్ చేసి పంట ఆలస్యమైందని చెప్పడం, ధాన్యానికి పట్టాలు చూసుకోవడం, కొనుగోలు కేంద్రంలో పేరు రాయించడం.
2. ఇంకొకరిని అడిగితే అయ్యేవి. బ్యాంకులో గడువు, కోత యంత్రం, పంట నష్టం నమోదు.
3. నా చేతిలో లేనివి. మార్కెట్ రేటు, లాక్‌డౌన్, వాన.

మూడో భాగంలోవి మీ తప్పులు కావు. వాటి మీద రాత్రంతా ఆలోచించినా అవి మారవు. మొదటి భాగంలో ఒక పని ఈ రోజు పూర్తిచేయండి. ఒక పని అయిందన్న తృప్తి రెండో పనికి బలమిస్తుంది.

అప్పు విషయంలో అడగాల్సినవి అడగండి

అప్పు ఇచ్చినవారికి ముఖం చాటేస్తే భయం పెరుగుతుంది. మీరే ముందుగా వెళ్లి మాట్లాడితే సగం తగ్గుతుంది.

• బ్యాంకుకు వెళ్లి పరిస్థితి చెప్పండి. 2020లో రిజర్వు బ్యాంకు మార్చి 1 నుంచి మే 31 వరకు, తర్వాత ఆగస్టు 31 వరకు కిస్తీల వాయిదాకు అవకాశమిచ్చింది. అప్పుడు కూడా వడ్డీ మాత్రం ఆగలేదు. వాయిదా వేరు, మాఫీ వేరు. మళ్లీ ఇలాంటి అవకాశం వస్తే ఎంత వడ్డీ పెరుగుతుందో ముందే అడిగి తెలుసుకోండి.
• సకాలంలో కట్టిన పంట రుణానికి వడ్డీ రాయితీ ఉంటుంది. బయట 2 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24. బ్యాంకు గడువు తప్పకుండా చూసుకుంటూ, చేతికి వచ్చిన డబ్బుతో ముందుగా ఎక్కువ వడ్డీ అప్పు తగ్గించుకోండి.
• ఫోనులో నిమిషాల్లో అప్పు ఇస్తామనే యాప్‌ల జోలికి పోకండి. కరోనా సమయంలో వీటి వేధింపులకు రెండు రాష్ట్రాల్లోనూ ఎందరో నలిగిపోయారు. మీ ఫొటోలు, ఫోనులోని నంబర్లు పట్టుకుని బెదిరిస్తే 1930కి ఫోన్ చేయండి, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి.
• అప్పులవాళ్లు ఇంటి మీదికి వచ్చి అవమానిస్తుంటే ఉచిత న్యాయ సలహాకు 15100 నంబరు ఉంది.
• మనసు బాగోలేని రోజుల్లో పొలం అమ్మడం, కొత్త బోరు వేయడం, పాడి పశువులన్నీ అమ్మేయడం లాంటి పెద్ద నిర్ణయాలు తీసుకోకండి. కనీసం వారం ఆగి, ఇద్దరితో మాట్లాడి నిర్ణయించండి.

ఇంట్లో దాచకండి

"ఇంట్లోవాళ్లు బాధపడతారు" అని చాలామంది మగవాళ్లు అప్పుల సంగతి భార్యకు చెప్పరు. ఆమెకు మాత్రం తెలియకుండా ఉండదు. సగం తెలిసి సగం తెలియక ఇంకా ఎక్కువ భయపడుతుంది. లెక్క ఇద్దరికీ తెలిస్తే, ఎక్కడ తగ్గించుకోవాలో, ఎవరిని అడగాలో ఇద్దరూ ఆలోచిస్తారు. సంఘంలో గడువు అడగడం ఆమెకే తేలిక కావచ్చు.

ఆడవాళ్ల మీద పడే బరువును కూడా చూడండి. లాక్‌డౌన్‌లో అందరూ ఇంట్లోనే ఉన్నారంటే వంట, నీళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, రోగుల సేవ అంతా వాళ్లదే. దానిమీద పొలం పని. వాళ్లకు కూడా నిద్ర, విశ్రాంతి కావాలి. ఇంటి పనిలో చేయి కలపండి. ఇంట్లో కొట్టడం, వేధించడం జరిగితే మహిళలు 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయవచ్చు.

పిల్లలు పెద్దవాళ్ల ముఖాలు చూసి భయపడతారు. అప్పు లెక్కలన్నీ వాళ్లకు చెప్పక్కర్లేదు. "ఈ ఏడు కాస్త ఇబ్బందిగా ఉంది, మనం చూసుకుంటున్నాం" అన్న మాట చాలు. బడి లేని రోజుల్లో కూడా నిద్ర లేచే వేళ, చదివే వేళ ఒకటి ఉండనివ్వండి. పని పోయి పట్నం నుంచి, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కొడుకును "ఖాళీగా కూర్చున్నావు" అని దెప్పకండి. అతని మనసూ గాయపడే ఉంటుంది. ఏదైనా ఒక పని బాధ్యత అప్పగించండి.

రోజును గాడిలో పెట్టండి

• లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ మార్చకండి. పని లేకపోయినా రోజూ ఒకసారి పొలం దాకా వెళ్లి రండి. ఎండ, నడక, పచ్చదనం మనసుకు మేలు చేస్తాయి.
• దిగులుగా ఉన్నప్పుడు తిండి మానేసి టీల మీద గడపకండి. సాయంత్రం తర్వాత టీ తగ్గిస్తే నిద్ర మెరుగవుతుంది.
• పడుకునే ముందు గంటసేపు ఫోను పక్కన పెట్టండి.
• గుండె దడగా, ఊపిరి ఆడనట్టుగా ఉంటే ఒకచోట కూర్చోండి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి, 6 అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. ఐదు నిమిషాలు చేయండి. ఛాతీ నొప్పి, చెమటలు ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.
• దూరం పాటించాల్సి వచ్చినా మాటలు మానకండి. గట్టు మీద నాలుగడుగుల దూరంలో నిలబడి అయినా, ఫోనులో అయినా రోజుకు ఒకరితో మాట్లాడండి.

పుకార్లతో జాగ్రత్త

2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోడి మాంసం తింటే కరోనా వస్తుందన్న పుకారు ఫోనుల్లో తిరిగింది. అది అబద్ధం. అయినా కోళ్ల ధర పడిపోయింది, కోళ్ల రైతులు తీవ్రంగా నష్టపోయారు. జనం భయం పోగొట్టడానికి హైదరాబాద్‌లో మంత్రులు వేదిక మీద చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. ఒక్క పుకారు రోగం కన్నా ముందే రైతును దెబ్బతీసింది.

వార్తలు రోజుకు రెండుసార్లు చూస్తే చాలు. ఎవరు పంపారో తెలియని వీడియోను ఇంకొకరికి పంపకండి. రోగం గురించి ఆశా కార్యకర్తను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును అడగండి. పంట, మార్కెట్ సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేస్తే తెలుగులో చెబుతారు. ఒక్క రోజు రేటు చూసి ఆశ వదులుకోకండి. 2020 మార్చిలో దారులన్నీ మూసుకున్నట్టే కనిపించింది. ఆ ఏడాది సెప్టెంబరులో అనంతపురం నుంచి పండ్లు, కూరగాయలతో కిసాన్ రైలు ఢిల్లీకి వెళ్లింది.

ఇంట్లో రోగం వచ్చినప్పుడు, మనిషి పోయినప్పుడు

రోగం వచ్చిన కుటుంబాన్ని వెలివేసినట్టు చూడటం కరోనా కాలంలో చాలా ఊళ్లలో జరిగింది. దాంతో భయపడి కొందరు జ్వరం దాచారు, ఆలస్యంగా ఆసుపత్రికి వెళ్లారు. రోగికి దూరంగా ఉండాలి గానీ మనిషిని దూరం చేయకూడదు. గుమ్మం దగ్గర కూరగాయలు పెట్టి రావడం, వాళ్ల గేదెకు మేత వేయడం, మడికి నీళ్లు కట్టడం, రోజూ ఒకసారి ఫోన్ చేయడం ఎవరైనా చేయగల సాయం.

అప్పట్లో చాలామంది తమవాళ్లను కడసారి చూసుకోలేకపోయారు. అందరినీ పిలిచి కర్మకాండలు చేయలేకపోయారు. "నేనే రోగం తెచ్చానేమో", "ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్తే బతికేవారేమో" అన్న బాధ ఏళ్ల తరబడి కొందరిని వదల్లేదు. ఎవరి నుంచి ఎవరికి సోకిందో చెప్పలేని రోగం అది. ఆ నేరం మీ మీద వేసుకోకండి. అప్పుడు చేయలేనిది తర్వాతైనా చేయవచ్చు. ఆబ్దికం నాడు నలుగురిని పిలిచి ఆ మనిషిని తలుచుకోవడం, పేరున ఒక చెట్టు నాటడం మనసుకు ఊరటనిస్తాయి. ఏడుపు వస్తే ఆపుకోకండి. మగవాళ్లు ఏడవకూడదన్న నియమం ఏమీ లేదు.

మద్యం, కల్లు గురించి

తాగితే నిద్ర పడుతుందనుకుంటాం. నిజానికి ఆ నిద్ర మధ్యలోనే తెగిపోతుంది, మర్నాడు దిగులు ఇంకా పెరుగుతుంది. తాగిన మత్తులో తొందరపాటు నిర్ణయాలు ఎక్కువ.

అయితే రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసినప్పుడు ఇది కళ్లారా చూశాం. మద్యం, కల్లు దొరక్క వింతగా ప్రవర్తిస్తున్నవారిని హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పెద్ద సంఖ్యలో తీసుకువచ్చారు. మత్తు మందులు కలిపిన కల్లుకు అలవాటుపడిన వారికి కూడా ఇలాగే జరుగుతుంది. చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం, లేనివి కనిపించడం, మూర్ఛ వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గాలి సోకిందని తాయెత్తులతో కాలం గడపకండి. దీనికి మంచి మందులున్నాయి. మానాలనుకునేవారు డాక్టరు సలహాతోనే మానాలి.

పురుగుమందులు తాళం వేసి పెట్టండి

ఈ వ్యాసంలో ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఇది చేయండి.

చనిపోవాలన్న తలంపు చాలామందిలో ఒక ఉధృతిలా వస్తుంది. కొన్ని నిమిషాలో, కొన్ని గంటలో ఉండి తగ్గుతుంది. ఆ కాసేపు చేతికి అందే దూరంలో విషం లేకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించిన తర్వాత ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి. రైతుల కష్టాలు ఒక్కసారిగా తీరిపోయి అలా జరగలేదు. విషం అందుబాటులో లేకపోవడమే ప్రాణాలు నిలిపింది.

• మందు ఒక పిచికారీకి ఎంత కావాలో అంతే కొనండి. మిగిల్చి ఇంటికి తేకండి.
• మంచం కింద, వంటింట్లో, చూరులో పెట్టకండి. తాళం వేసే ఇనుప పెట్టెలో, ఇంటికి దూరంగా ఉంచండి.
• తాళం చెవి ఇంట్లో నిబ్బరంగా ఉన్నవారి దగ్గర ఉండాలి. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉంటే కొన్నాళ్లు మందులన్నీ వేరే ఇంటికి పంపేయండి.
• ఖాళీ డబ్బాలను వాడుకోకండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

పొరపాటున గానీ, మరే విధంగా గానీ ఎవరైనా మందు తాగితే 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు, పేడనీళ్లు తాగించి వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణానికే ముప్పు. స్పృహ లేకపోతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మందు పడిన బట్టలు తీసేసి ఒళ్లు సబ్బునీళ్లతో కడగండి. కడిగేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి. మందు డబ్బాను వెంట తీసుకెళ్తే డాక్టరు సరైన విరుగుడు ఇవ్వగలుగుతారు. పైకి బాగున్నట్టు కనిపించినా ఆసుపత్రి మానకండి.

పక్కవాడు దిగులుగా ఉంటే ఎలా మాట్లాడాలి?

"నేను లేకపోతేనే మీకు బాగుంటుంది" అనడం, ఉన్నట్టుండి బాకీలు, కాగితాలు ఒకరికి అప్పగించడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం, చాలా రోజుల దిగులు తర్వాత హఠాత్తుగా ప్రశాంతంగా మారడం ప్రమాద సూచనలు. బెదిరింపని కొట్టిపారేయకండి.

• పక్కకు పిలిచి కూర్చోబెట్టండి. "ఏం బావా, ఈమధ్య కనిపించడం లేదు, నిద్ర పడుతోందా?" అని మొదలుపెట్టండి.
• అనుమానం ఉంటే సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అలా అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. అడిగినవారు దొరికితే మనసులోది బయటికి వస్తుంది.
• ఎక్కువ వినండి. "అందరికీ ఉన్నవేగా", "పిల్లలున్నవాడివి సిగ్గులేదా" అనకండి.
• ఒంటరిగా వదలకండి. దగ్గరలో మందులు, తాళ్లు లేకుండా చూడండి. ఇంట్లోవాళ్లకు చెప్పండి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి.
• మీరే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

• టెలి మానస్: 14416 లేదా 1800-891-4416. 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.
• మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఒంటి బాధ చెప్పినట్టే "నిద్ర లేదు, దిగులుగా ఉంది" అని చెప్పండి. ఆశా కార్యకర్త వెంట వస్తారు.
• జిల్లా ఆసుపత్రి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద చూస్తారు.
• పెద్దాసుపత్రులు: హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి.
• అత్యవసరమైతే 108 లేదా 112. పిల్లల కోసం 1098.

దిగులుకు వాడే మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులకే గుణం లేదని, లేదా బాగైందని మీ అంతట మీరు ఆపకండి. ఈ చికిత్స తీసుకున్నవారికి పిచ్చి అన్న ముద్ర వేయడం తెలియనితనం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి. అతనికి చికిత్స, సంరక్షణ అందించడం ప్రభుత్వ బాధ్యత. కాబట్టి పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకండి.

ఊరు ఏం చేయగలదు?

ఒక్కొక్కరి ఇంట్లో దాక్కున్న దిగులు ఊరంతా కలిసి మోస్తే తేలికవుతుంది. కూలీలు దొరకనప్పుడు పాత రోజుల్లోలా బదులు పని పెట్టుకోండి. రోగం వచ్చిన ఇంటివాళ్ల కోత ముందు కోయండి. లారీ దొరక్కపోతే నలుగురూ కలిసి ఒక బండి మాట్లాడుకోండి. పొదుపు సంఘం సమావేశంలో కిస్తీల లెక్కతో పాటు "ఎవరింట్లో ఎలా ఉన్నారు" అని అడిగే అలవాటు పెట్టుకోండి. పంట పోయిన ఇంటికి, మనిషి పోయిన ఇంటికి, కౌలు రైతు ఇంటికి వారానికోసారి ఎవరో ఒకరు వెళ్లి రండి. పురుగుమందుల షాపువాళ్లు కూడా మనిషి ముఖం చూసి అమ్మాలి. తేడా అనిపిస్తే ఇంటికి ఫోన్ చేయాలి.

ఈ రోజే చేయాల్సినవి

1. 14416 నంబరును ఇంట్లో గోడ మీద రాయండి.
2. పురుగుమందులన్నీ ఒకచోట చేర్చి తాళం వేయండి.
3. బాకీల లెక్క కాగితం మీద పెట్టి ఇంట్లో ఒకరికి చూపించండి.
4. నాలుగు రోజులుగా కనిపించని మనిషి ఎవరో గుర్తుచేసుకుని ఒక ఫోన్ చేయండి.

పోయిన పంటను మరో కారులో తీసుకోవచ్చు. అప్పుకు గడువు అడగవచ్చు. ఇంటికి మీ బదులు ఇంకొకరు రారు. బరువుగా ఉన్న రోజున ఒకరికి చెప్పుకోండి, చెప్పుకోవడానికి వచ్చినవారి మాట వినండి.